నూనె వార్నిష్‌ని ఎవరు ఆపారు?

చెక్కపని ప్రశ్నలకు పాలిష్ మేస్త్రి జవాబులు

కిందటి రెండు నెలల ఉత్తరాల్లో ఒకే మాట పదేపదే కనిపించింది. ‘నూనె వార్నిష్ అడిగితే కొట్లో లేదంటున్నారు, గాలి కాలుష్యం చట్టం అంటున్నారు’ అని. అందుకే ఈ నెల ఆ ఉత్తరాలకే జవాబు రాస్తున్నాను. మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి. మీ ఉత్తరాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. మా అత్తగారి కాలం నాటి టేకు ఉయ్యాల బల్ల ఒకటి మండువాలో ఇత్తడి గొలుసులకి వేలాడుతోంది. మా మామగారు ఉన్నన్నాళ్ళూ రెండేళ్ళకోసారి దానికి నూనె వార్నిష్ వేయించేవారు. ఆయన పోయి పదకొండేళ్ళయింది, అప్పటినుంచి ఎవరూ పట్టించుకోలేదు. ఈ సంక్రాంతికి పిల్లలందరూ వస్తున్నారని బాగు చేయిద్దామనుకున్నాను. అమలాపురంలో రెండు కొట్లలో అడిగితే ‘ఇప్పుడు నూనె వార్నిష్ రావడం లేదమ్మా, పొల్యూషన్ చట్టం వచ్చింది, మెలమైన్ కొట్టించుకోండి’ అన్నారు. నిజమేనా? ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: అమ్మా, మెలమైన్ అనే ఆ త్వరగా ఆరే పాలిష్ కొట్టించకండి. ముందు ఆ మాట చెప్పి తరవాత సంగతికొస్తాను.

కొట్లో మీతో అన్న మాటలో నిజం లేకపోలేదు గాని, ఆ నిజం మన ఊరిది కాదు. అలాంటి చట్టాలు అమెరికాలో, ఐరోపాలో ఉన్నాయి. మన దగ్గర ఇంటి రంగుల విషయంలో గట్టిగా ఉన్న నిబంధన సీసం మీద. 2016లో తెచ్చారు. 2017 నవంబరు 1 నుంచి రంగులో సీసం పది లక్షల పాళ్ళకి 90 పాళ్ళు మించకూడదు. అది మంచి పని. 1981 నాటి గాలి కాలుష్య చట్టం చూసేది ముఖ్యంగా ఫ్యాక్టరీలను, వాటి పొగ గొట్టాలను. వార్నిష్‌లో టర్పెంటైన్ ఇంతకన్నా ఉండకూడదని అమలాపురం కొట్లో అమ్మకాన్ని ఆపే చట్టం ఏదీ లేదు. ఢిల్లీ చుట్టుపక్కల చలికాలంలో గాలి మరీ విషమించినప్పుడు కట్టడాల పనులు ఆపేయిస్తారు. ఆ ఆపే పనుల పట్టీలో రంగులు, పాలిష్, వార్నిష్ కూడా ఉంటాయి. బహుశా ఆ వార్తే నోటా నోటా మన కోనసీమ దాకా వచ్చి ఉంటుంది.

అసలు నూనె వార్నిష్ అంటే ఏమిటో తెలిస్తే ఆ చట్టాలు దేన్ని పట్టుకున్నాయో తెలుస్తుంది. మా నాన్న పాలకొల్లులో వడ్రంగి. నా చిన్నప్పుడు వార్నిష్ ఆయనే కాచేవాడు. ఇంటికి దూరంగా, కాలవ గట్టు మీద మూడు రాళ్ళు పెట్టి, ఇనప మూకుడులో అవిసె నూనె కాగనిచ్చి, దంచిన గుగ్గిలం పిడికెడు పిడికెడుగా చల్లేవాడు. అవిసె అంటే పెరట్లో ఉండే అవిసె చెట్టు కాదు. సన్నటి గోధుమరంగు గింజలు, కొందరు మదన గింజలంటారు. గుగ్గిలం కరిగాక మూకుడు దించి, పూర్తిగా చల్లారనిచ్చి, అప్పుడు టర్పెంటైన్ పోసి కుంచెకి పలికేంత పలచన చేసేవాడు. పొయ్యి దగ్గర టర్పెంటైన్ సీసా మూత తీయనిచ్చేవాడు కాదు.

ఈ మూడింటిలో నూనె, గుగ్గిలం చెక్క మీద ఉండిపోతాయి. నూనె ఆరడం అంటే తడిగుడ్డ ఆరినట్టు ఆవిరైపోవడం కాదమ్మా. అది గాలిలో ప్రాణవాయువుని పీల్చుకుని, లోలోపల అల్లుకుపోయి గట్టిపడుతుంది. టర్పెంటైన్ మాత్రం ఒక్క బొట్టు మిగలకుండా గాలిలో కలిసిపోతుంది. మీ మామగారు వార్నిష్ వేయించినప్పుడు మూడు రోజులు మండువా అంతా వచ్చే ఆ వాసన అదే. విదేశీ చట్టాలు కొలిచేది ఈ గాలిలో కలిసేదాన్ని. నూనెని ఎవరూ నిషేధించలేదు.

కొలత ఎలాగంటే, అమెరికా కేంద్ర ప్రభుత్వం 1998లో పెట్టిన హద్దు ప్రకారం లీటరు వార్నిష్‌లో ఆవిరైపోయే ద్రావకం 450 గ్రాములు దాటకూడదు. మనం వాడే మినరల్ టర్పెంటైన్ లీటరు సుమారు 780 గ్రాములు తూగుతుంది. అంటే లీటరు డబ్బాలో అర లీటరు పైచిలుకు టర్పెంటైన్ ఉన్నా అక్కడ చెల్లుతుంది. లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో ఇంకా బిగించారు, 275 గ్రాములే. ఐరోపాలో నూనె, ద్రావకాలతో చేసిన చెక్క వార్నిష్‌లకి 2010 నుంచి 400. ఏమీ కలపని ఉత్త అవిసె నూనె ఈ లెక్కలో ఇంచుమించు సున్నా.

మరి మీకు ఎందుకు దొరకలేదంటే, పని చేసేవాళ్ళకి ఆగే ఓపిక లేక. నూనె వార్నిష్ ఒక పూత ఆరడానికి మన గాలిలో ఒక రోజు, ముసురు పట్టిందంటే రెండు రోజులు. మూడు పూతలకి వారం. ఎన్.సి. లాకర్ (నైట్రోసెల్యులోజ్‌ని తిన్నరులో కరిగించి చేసే మెరుగు పూత) కొడితే అరగంటలో చెయ్యి పెట్టి చూసుకోవచ్చు. మెలమైన్ పొద్దున ఒక కోటు, మధ్యాహ్నం ఒక కోటు. గుత్తకి ఒప్పుకున్న మేస్త్రి గృహప్రవేశం ముహూర్తానికి ఇల్లు అప్పజెప్పాలి. అతను అడిగేదే కొట్టువాడు తెచ్చిపెడతాడు. పైగా నూనె వార్నిష్ డబ్బా ఒకసారి మూత తీస్తే పైన మీగడ కడుతుంది. విడిగా కొలిచి అమ్మే కొట్లకి అది నష్టం. అలా ఒక్కొక్కరూ తెప్పించడం మానేశారు. చట్టం పేరు చెప్పడం తేలిక, అంతే.

నన్ను నిజంగా బాధపెట్టేది ఇంకొకటుంది. గాలి పేరు చెప్పి నూనె వార్నిష్‌ని పక్కకి నెట్టి దాని చోట ఏమిస్తున్నారో చూడండి. అదే అమెరికా నిబంధనలో వార్నిష్‌కి 450 అయితే, లాకర్‌కి 680 దాకా ఇచ్చారు. లాకర్ స్వభావమే అంత, లీటరులో మూడొంతులు పైగా తిన్నరే. మెలమైన్‌కి గట్టిపరిచే మందుగా ఆమ్లం కలుపుతారు. అది ఆరుతూ ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వదులుతుంది. కళ్ళు మండి నీళ్ళు కారేది అందుకే. తలుపులు మూసిన గదిలో కొడితే కొన్ని వారాల పాటు ఆ ఘాటు పోదు. చంటిపిల్లలు పడుకునే ఉయ్యాల బల్లకి అదెందుకమ్మా?

ఇంకో కారణం కూడా చెబుతాను. 2022 జులై వరదలో లంక ఊళ్ళలో ఇళ్ళు నీళ్ళలో నిలిచాయి కదా. నీళ్ళు తీశాక నేను పదిహేను ఇళ్ళ దాకా తలుపులు చూశాను. మెలమైన్ కొట్టినవి పొక్కులు లేచి, అరటి పట్టలా పొరలు పొరలుగా ఊడాయి. మొత్తం గీకి మొదటినుంచి చేయాల్సొచ్చింది. పాత నూనె తలుపులు రంగు మాసి, తెల్లటి మచ్చలు పడ్డాయి. బురద కడిగి, నీడన మూడు వారాలు ఆరనిచ్చి, గరుకు కాగితం వేసి, మళ్ళీ నూనె పడితే తేరుకున్నాయి. నూనె చెక్కలోకి దిగుతుంది, పైన రేకులా నిలబడదు. పాడైన చోటే బాగు చేసుకోవచ్చు. మీ బల్ల పదకొండేళ్ళు వదిలేసినా ఇంకా బాగుపడే స్థితిలో ఉండడానికి కారణం మీ మామగారు వేయించిన ఆ పూతలే.

ఇప్పుడు పని. కొత్త రంగుల షోరూములో కాకుండా, మేకులు, తాళ్ళు, సున్నం అమ్మే పాత హార్డ్‌వేర్ కొట్లో ‘డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్’ అని అడగండి. అదే అవిసె నూనె, త్వరగా ఆరడానికి మందు కలిపినది. అందుకని పప్పుగుత్తికీ చపాతీ పీటకీ వాడకండి. దాంతోపాటు ‘కోపాల్ వార్నిష్’ లేదా ‘సింథటిక్ క్లియర్ వార్నిష్’ అర లీటరు, మినరల్ టర్పెంటైన్ అర లీటరు. అమలాపురంలో దొరక్కపోతే రాజమండ్రిలో ప్రయత్నించండి.

గొలుసులు విప్పి చింతపండుతో తోమించండి. బల్లని రెండు స్టూళ్ళ మీద మండువాలోనే పెట్టండి. పైన ఆకాశం, కింద గాలి, ఈ పనికి అంతకన్నా మంచి చోటు లేదు. ముందు 120 నంబరు కాగితం, తరవాత 180, చివర 220, ఎప్పుడూ చెక్క ఈనె వెంట. అడ్డంగా రుద్దితే ఆ గీతలు నూనె పట్టాక పైకి తేలతాయి. టేకులో దాని సొంత నూనె ఉంటుంది, అది పైపూతని ఆరనివ్వదు. అందుకని పూత వేసే ముందు తిన్నరులో తడిపిన గుడ్డతో ఒకసారి గట్టిగా తుడవాలి. చాలామంది ఈ ఒక్కటీ మానేసి, వారం తరవాత ‘జిగట పోలేదు’ అంటారు.

మొదటి పూతకి నూనె, టర్పెంటైన్ సమపాళ్ళలో కలిపి గుడ్డతో పట్టించి, ఇరవై నిమిషాలాగి, చెక్క తాగకుండా పైన మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచేయండి. తుడవడమే అసలు పని. రెండు రోజులు ఆగండి. రెండో పూత ఉత్త నూనె, అలాగే పట్టించి తుడవండి. మళ్ళీ రెండు రోజులు. మూడోది వార్నిష్, పది పాళ్ళకి ఒక పాలు టర్పెంటైన్ కలిపి కుంచెతో పల్చగా. మండువాలో పొద్దుటి మంచు పడుతుంది కాబట్టి పది గంటలకి మొదలుపెట్టి మూడింటిలోపు ముగించండి. డిసెంబరు పదిహేనులోగా మొదలుపెడితే సంక్రాంతికి పిల్లలు ఎక్కి కూర్చోవచ్చు.

ప్రశ్న: మేస్త్రి గారూ, నేను రిటైరైన లెక్కల మాస్టారిని. మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఇల్లు కొని మెట్ల చేతికర్రకి నూనె పాలిష్ వేద్దామనుకుంటే పెద్ద గాలన్ డబ్బా ఎక్కడా దొరకలేదట. చిన్న డబ్బాలే ఉన్నాయట, లేదంటే నీళ్ళతో కలిపే రకం. ఒక ఇంట్లో ఒక డబ్బా వార్నిష్ వేస్తే ఆకాశం పాడైపోతుందా? ఇది మరీ అతిగా లేదా? అబ్బాయి వచ్చేటప్పుడు ఒక మంచి డబ్బా తెమ్మందునా?
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: మాస్టారూ, డబ్బా తెమ్మనకండి. వార్నిష్, తిన్నర్ లాంటి మండే ద్రవాలు విమానంలో సామాన్లలో పెట్టడం నిషిద్ధం.

అతి అన్నారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. తరవాత ఆ ఊరి కథ తెలుసుకున్నాక నా మాట మార్చుకున్నాను. మీ అబ్బాయి ఉండే కాలిఫోర్నియాలోనే ఉన్న లాస్ ఏంజెలిస్‌కి ఒక వైపు సముద్రం, మిగతా వైపుల కొండలు. గాలి కదలక నిలిచిపోతుంది. 1940లలో అక్కడ పట్టపగలు కళ్ళు మండించే పొగమంచు కమ్మేది. చుట్టుపక్కల తోటల్లో పాలకూర ఆకులు వెండి పూత పూసినట్టు మెరిసి, వాడిపోయేవి. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. కాల్‌టెక్ అనే విద్యాసంస్థలో అనాసపండు వాసన దేనివల్ల వస్తుందో పరిశోధిస్తున్న ఆరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆ వాసన పట్టిన పద్ధతిలోనే ఊరి గాలిని పట్టి చూశాడు. 1950ల మొదట్లో గుట్టు తేల్చాడు. కార్ల నుంచి, చమురు శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చే ఆవిర్లు, బండి పొగలోని నత్రజని ఆక్సైడ్లు కలిసి, ఎండ తగిలితే నేల దగ్గర ఓజోన్ పుడుతోంది. పైన ఆకాశంలో ఉన్న ఓజోన్ మనల్ని ఎండ నుంచి కాపాడుతుంది. అదే నేల మీద ఉంటే ఊపిరితిత్తుల్ని గీకుతుంది. గోధుమకీ వరికీ కూడా దానివల్ల దిగుబడి తగ్గుతుంది.

ఇక మీ ప్రశ్న. ఒక డబ్బా వల్ల ఏమీ కాదు. మీరు లెక్కల మాస్టారు కాబట్టి ఇలా చూడండి. 450 గ్రాముల రకం లీటరు వాడిన ఇంటికి, 275 గ్రాముల రకం వాడిన ఇంటికి తేడా 175 గ్రాములు. అలాంటి ఇళ్ళు లక్ష అయితే పదిహేడున్నర టన్నుల ఆవిరి, అదీ ఎండాకాలంలో, అదే లోయలో. కార్ల పొగని తగ్గించే కొద్దీ రంగులు, వార్నిష్‌లు, క్లీనర్ల నుంచి వచ్చే వాటా పెద్దదిగా కనబడింది. అందుకే అక్కడ 1970ల నుంచే రంగుల మీద నిబంధనలు పెట్టి, విడతలు విడతలుగా బిగిస్తూ వచ్చారు.

కంపెనీలు నాలుగు దారులు పట్టాయి. ఒకటి, టర్పెంటైన్ తగ్గించి చిక్కగా చేయడం. అది బెల్లం పాకంలా సాగుతుంది, కుంచె గీతలు మిగులుతాయి, ఆరడం ఆలస్యం. రెండు, ఓజోన్‌ని పెద్దగా పుట్టించని ద్రావకాలు వాడడం. అసిటోన్‌ని 1995లో అమెరికా ఈ లెక్కలోంచి మినహాయించింది. కాని అసిటోన్ క్షణంలో ఎగిరిపోతుంది, కుంచె లాగేలోపే బిగుస్తుంది. మూడు, నీళ్ళ రకం. నాలుగు, మీ అబ్బాయి చూసింది. కేంద్ర నిబంధన లీటరు, అంతకన్నా చిన్న డబ్బాలకి వర్తించదు. ఇంటి వాడకానికి కొద్దిగా కొనుక్కునేవాళ్ళని వదిలేశారు. గాలన్ అంటే మూడు లీటర్ల ముప్పావు, అది నిబంధన కిందికొస్తుంది. అందుకే అదే సరుకు చిన్న డబ్బాలో కనిపిస్తుంది, పెద్ద డబ్బాలో మాయమవుతుంది. రాష్ట్రాన్ని బట్టి, జిల్లాని బట్టి ఈ హద్దులు మారతాయి.

లక్క పాలిష్‌కి మాత్రం 730 గ్రాముల దాకా ఇచ్చారు. లక్క కరిగేది స్పిరిట్‌లో, అది తగ్గిస్తే లక్క పాలిషే ఉండదు. చట్టం రాసినవాళ్ళు పని తెలిసినవాళ్ళని అడిగి రాశారని నాకు ఇక్కడ అనిపించింది. నేను యాభై ఏళ్ళుగా ప్రేమించే సరుకు మీదే ఆ దెబ్బ పడినా, ఆ చట్టం సరైనదే అంటాను. లోపం ఒకటి ఉంది. చిక్కటి డబ్బా కొన్నవాళ్ళు ఇంట్లో ఎవరికి తోచినంత తిన్నర్ వాళ్ళు పోసుకుంటారు. కంపెనీ చెప్పిన పలచన వరకే లెక్కలోకొస్తుంది, ఆ పైన పోసింది ఎవరూ కొలవరు.

మన దగ్గరా 2009 గాలి ప్రమాణాల్లో ఓజోన్ ఉంది. ఎనిమిది గంటల సగటు ఘనపు మీటరుకి 100 మైక్రోగ్రాములు. గాలి బాగుపడాల్సిన ఊళ్ళ జాతీయ పట్టికలో మన రాజమండ్రి, ఏలూరు ఉన్నాయి, అది ముఖ్యంగా దుమ్ము సంగతి. ఎండ విషయంలో మనం ఎవరికీ తీసిపోం. ఎప్పుడో ఒకప్పుడు ద్రావకాల మీద హద్దు మనకీ రావాలి, వస్తే నేను సంతోషిస్తాను. అది వచ్చేనాటికి మన పిల్లలకి నూనెకీ తిన్నరుకీ తేడా తెలిసి ఉండాలి. లేకపోతే ఉత్త అవిసె నూనె కూడా ఆ పేరుతో పోతుంది.

మీ అబ్బాయితో చెప్పండి, మెట్ల చేతికర్రకి నీళ్ళ రకం పాలియురేథేన్ వేసుకోమని. మొదటి పూతకి చెక్క నార లేస్తుంది, కంగారు పడకుండా 320 కాగితంతో తేలిగ్గా రుద్ది రెండోది వేయాలి. నూనె రంగులో ఉండే తేనెఛాయ రాదు. అది కావాలంటే కింద ఒక పూత ఉత్త నూనె పట్టించి, వారం పైగా బాగా ఆరనిచ్చి, పైన నీళ్ళ రకం.

ప్రశ్న: మేస్త్రి గారండీ, నేను కొత్తగా షెడ్డు పెట్టుకున్న వడ్రంగిని. మీ మాట చదివి నూనె పాలిష్ మొదలెట్టాను. తుడిచిన గుడ్డలు కిరోసిన్‌లో ఉతికి మళ్ళీ వాడుకోవచ్చా?
— ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం చూడగానే నిద్ర పట్టలేదు. నూనె పాలిష్ గురించి ఇన్నాళ్ళు రాస్తూ ఈ సంగతి ముందే చెప్పనందుకు నన్ను నేను తప్పు పట్టుకున్నాను.

అవిసె నూనె పట్టిన గుడ్డలు కుప్పగా వేస్తే వాటంతటవే అంటుకుంటాయి. అగ్గిపుల్ల అక్కర్లేదు, బీడీ అక్కర్లేదు. నూనె ఆరేటప్పుడు ప్రాణవాయువుని పీల్చుకుంటుందని పైన రాశాను కదా, ఆ పీల్చుకోవడంలో వేడి పుడుతుంది. బల్ల మీద పల్చగా పరుచుకున్నప్పుడు ఆ వేడి గాలికి పోతుంది. నలిపి ముద్దగా మూల పడేస్తే లోపలే ఉండి పెరుగుతుంది. కొన్ని గంటల్లో పొగ, ఆ తరవాత మంట.

నా షెడ్డులో ఇది జరిగింది. సాయంత్రం పని ముగించి గుడ్డలు పనిబల్ల కింద, రంపపు పొట్టు పక్కన పడేసి ఇంటికెళ్ళాను. రాత్రి పదకొండింటికి పక్కింటావిడ ‘ఎవరో గారెలు మాడబెడుతున్నారు’ అనుకుని బయటికొచ్చి పొగ చూసింది. ఆమె కేక వేయకపోతే రెండు కిటికీ రెక్కలతో పోయేది కాదు, తాటాకు కప్పు మొత్తం, పక్కిల్లు కూడా పోయేది. అప్పుడు నాకు ముప్ఫై రెండేళ్ళు, ఆ పని పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్నాను. అయినా తెలియదు.

కిరోసిన్ వద్దు. గుడ్డ వాడగానే బయట తీగ మీద ఒక్కొక్కటి విడదీసి ఆరేయి, మడత ఉండకూడదు. అట్టలా గట్టిపడ్డాక పారేయొచ్చు. లేదా మూత ఉన్న ఇనప డబ్బాలో నీళ్ళు పోసి అందులో ముంచి ఉంచు. ప్లాస్టిక్ బకెట్టు వద్దు. నూనె తడి తగిలిన రంపపు పొట్టు కూడా అంతే. ఈ పేజీ కత్తిరించి షెడ్డు తలుపుకి అంటించు.

ప్రశ్న: మా ఆయన పీయూ (పాలియురేథేన్) పాలిష్ స్ప్రే పని చేస్తారు. రాత్రిళ్ళు పిల్లికూతలు, ఆయాసం. జేబురుమాలు కట్టుకుంటారు. నీళ్ళ రకానికి మారితే తగ్గుతుందా?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, ముందు ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించండి, ఈ వారంలోనే. వెళ్ళినప్పుడు ‘రెండు డబ్బాలు కలిపి కొట్టే పీయూ పని’ అని తప్పకుండా చెప్పండి. ఆ రెండో డబ్బాలో ఐసోసైనేట్లు అనే గట్టిపరిచే రసాయనాలు ఉంటాయి. అవి కొందరికి ఉబ్బసం తెప్పిస్తాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోయాక, తరవాత కొంచెం తగిలినా ఊపిరాడదు. అలా తేలితే మీ ఆయన ఆ పని పూర్తిగా మానాల్సిందే. మాట మెత్తగా చెప్పి లాభం లేదు.

జేబురుమాలు దుమ్మునే సరిగా ఆపదు, ఆవిరిని అసలే ఆపదు. బొగ్గు గుళికల క్యాట్రిడ్జ్‌లు ఉన్న రబ్బరు మాస్కు కావాలి, క్యాట్రిడ్జ్‌లు గడువులోపు మార్చాలి. పీయూ స్ప్రే మూసిన గదిలో చేసేవాళ్ళకి పెద్ద వర్క్‌షాపుల్లో బయటినుంచి గొట్టంతో మంచి గాలి అందిస్తారు. మన ఊళ్ళలో దుమ్ము పడుతుందని కిటికీలు మూసి కొట్టిస్తారు. ఇల్లుగలవాళ్ళకి నా మనవి: మీ తలుపు మెరుపు కోసం మనిషిని గదిలో పెట్టి మూయకండి.

నీళ్ళ రకంలో ద్రావకం చాలా తక్కువ, వాసనా తక్కువ. అయినా స్ప్రే చేస్తే తుంపర ఊపిరిలోకి వెళుతుంది, మాస్కు తప్పదు. గట్టిపరిచే మందు కలిపే నీళ్ళ రకాలు కొన్ని ఉన్నాయి, వాటిలోనూ ఐసోసైనేటే ఉండొచ్చు. డబ్బా మీద చూసుకుని ఒక్క డబ్బా రకమే తీసుకోవాలి, కుంచెతోనో గుడ్డతోనో వేసేది. కూలి తగ్గుతుందని భయపడకండి. గుడ్డతో నూనె పట్టడం నేర్చినవాళ్ళు ఇప్పుడు తక్కువ. పాత లోగిళ్ళ వాళ్ళు అలాంటి మనిషి కోసం నాకు ఉత్తరాలు రాస్తున్నారు. డాక్టరు ఒప్పుకుంటే మీ ఆయన్ని నా దగ్గరికి పంపండి, పత్రిక వాళ్ళు చిరునామా ఇస్తారు. డబ్బులేమీ అక్కర్లేదు.

ప్రశ్న: మా తాత నాటి చెక్క నావ ఉంది. ఈ రోజుల్లో అందరూ ఫైబర్ బోట్లే. దీన్ని ఉంచుకోవాలని ఉంది. అవిసె నూనె పడితే ఉప్పునీటికి ఆగుతుందా?
— ఒక పాఠకుడు, అంతర్వేది

జవాబు: ఆగదు బాబూ. ఉత్త అవిసె నూనె ఎప్పుడూ తడిగా ఉండే చోట బూజు పడుతుంది, నల్లబడుతుంది. అది ఇంటిలోపలి చెక్కకి. మీ తాత వాడింది జీడి నూనె అయి ఉంటుంది, పడవ లోపలివైపు చెక్క గోకితే నల్లటి పొర కనిపిస్తుంది. జీడిమామిడి పిక్కల తొక్క నుంచి తీస్తారు, మీకు దగ్గరే, మోరిలో జీడిపప్పు చేసేవాళ్ళని అడిగితే ఎక్కడ దొరికేదీ చెబుతారు. పురుగు పట్టదు, నీరు పీల్చదు. టర్పెంటైన్ కలపకుండా వేస్తారు కాబట్టి పైన చెప్పిన ద్రావకాల చట్టాలు దీనికి అడ్డురావు. కాని ఒంటికి తగిలితే పుళ్ళు పడతాయి. రబ్బరు గ్లవ్స్, నిండు చేతుల చొక్కా లేకుండా డబ్బా ముట్టుకోవద్దు.

నావని ఒడ్డుకి లాగి, బోర్లించి, నీడన మూడు వారాలు ఆరనివ్వండి. అతుకుల్లో పాత పీచు లాగేసి, కొత్త దూది గుగ్గిలం నూనెలో తడిపి ఉలితో గట్టిగా దిగగొట్టండి. ఆ తరవాతే జీడి నూనె, అడుగు నుంచి మొదలుపెట్టి అంచు దాకా రెండు పూతలు, మధ్యలో నాలుగు రోజులు. ఫిబ్రవరిలో చేయండి.